పడమటి అంచున గంప మట్టి

ఇది రాయవలసిన అవసరం నాకు ఒక పుస్తకం వల్ల వచ్చింది. అమలాపురంలోని శాఖా గ్రంథాలయంలో, చరిత్ర బీరువా రెండో అరలో, నీలం అట్టతో ఉంటుంది. మా ప్రాంతపు చరిత్ర అంతా అందులో ఉందని దాన్ని రాసినాయన ముందుమాటలో చెప్పుకున్నాడు. మా పాలెం గురించి అందులో రెండే రెండు వాక్యాలున్నాయి. ఆ రెండూ అబద్ధాలు. ఆ అబద్ధంలో సగం వాటా నాది. దానికి గట్టి బైండింగు చేయించారు కాబట్టి నేను పోయాక కూడా ఆ అరలోనే ఉంటుంది. దాని పక్కన పెట్టడానికి ఇంకొక కాగితం ఉండాలని ఇది రాస్తున్నాను. గ్రంథాలయం వాళ్ళు వద్దంటే మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంటుంది.

పేర్లు రాయను. ఆ పుస్తకం నిండా పేర్లే. ఎవరి తాత ఏ గుడికి గంట వేయించాడో, ఎవరి ముత్తాత ఏ దొరతో కలిసి భోంచేశాడో పేజీల కొద్దీ ఉంది. అది మూడుసార్లు చదివిన తర్వాత నాకు పేర్లంటేనే వెగటు పుట్టింది.

నేను చదువుకున్నది ఎస్సెల్సీ దాకా. ఉద్యోగం ముక్తేశ్వరానికి దగ్గర్లో కాలవ లాకుల మీద లస్కరు. పడవ వస్తే లాకు తలుపులు తిప్పి నీటిమట్టం సరిచేసి దాన్ని దాటించడం నా పని. మా నాన్నా అదే పని చేశాడు. నేను చేరేనాటికి లారీలు పెరిగి పడవలు తగ్గిపోయాయి. పొద్దుట ఒకటి, మధ్యాహ్నం ఒకటి, కొన్ని రోజులు అదీ లేదు. మిగతా వేళంతా లాకు గట్టు మీద కూర్చుని చదివేవాణ్ణి. గ్రంథపాలకుడు నా ఒక్క కార్డు మీద రెండేసి పుస్తకాలు ఇచ్చేవారు. చరిత్ర బీరువా మొత్తం చదివాను. కొన్ని పుస్తకాల్లో యుద్ధం మొదలవుతుంది కానీ ముగియదు, ఆ పేజీలు ఎవరో కాలేజీ వాళ్ళు పరీక్షల కోసం చింపుకుపోయి ఉంటారు. వాళ్ళని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఇంగ్లీషు కూడా నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని నేర్చుకున్నాను. లాకుల మీద నేను చదివినంత ఆ కాలేజీల్లో ఎవరూ చదవలేదని అప్పుడూ అనేవాణ్ణి, ఇప్పుడూ అంటాను. ఆ గర్వమే నా కొంప ముంచింది. అదే చెప్పబోతున్నాను.

మా పాలెం ఒక దిబ్బ మీద ఉంటుంది. చుట్టూ వరి చేలు, కొబ్బరి తోటలు. వరదొస్తే చేలన్నీ మునుగుతాయి, దిబ్బ మునగదు. మా తాతల కాలంలో పాలెం పల్లంలో ఉండేదట. ఒక వరదలో మొత్తం కొట్టుకుపోతే, మావాళ్ళే మట్టి మోసుకొచ్చి, ఏళ్ళ తరబడి పోసి, ఆ దిబ్బ లేపుకున్నారని మా ముసలివాళ్ళు చెప్పేవారు. దాంతో పాటు ఒక ఆచారం పుట్టింది. పాలెంలోకి కొత్తగా వచ్చిన కోడలు తన పుట్టింటి నుంచి ఒక గంప మట్టి తెచ్చి, అత్తింట్లో అడుగు పెట్టే ముందు ఆ ఇంటి వెనక దిబ్బ అంచున పోయాలి. పోశాక పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, అప్పుడే లోపలికి. ఏటేటా వానకి కరిగే అంచు అలా ఏటేటా కొంచెం పెరిగేది. మాది క్రైస్తవుల పాలెం. మిషను బడి పుణ్యాన మాలో టీచర్లు, గుమాస్తాలు తయారయ్యాక కూడా ఈ గంప మట్టి మానలేదు.

మాన్పించింది నేను. నా పెళ్ళి డెబ్బైల మొదట్లో జరిగింది. నా భార్య మా అమ్మకి అన్న కూతురే. వాళ్ళది మెట్ట ప్రాంతం, పెద్దాపురం అవతల. అక్కడ నేల ఎర్రగా ఉంటుంది. పెళ్ళి అయిన మర్నాడు బస్సులో కోటిపల్లి దాకా వచ్చి, గోదావరి దాటడానికి పంటు ఎక్కాం. ఆమె ఒళ్ళో చిన్న గంప, అందులో ఎర్రమట్టి, పైన తడిగుడ్డ. పంటు మీద నాకు తెలిసిన ఇద్దరు టీచర్లు ఉన్నారు. ఒకాయన గంప చూసి, "ఏవండీ, మావగారు పొలం ఇచ్చేరా? మొత్తం ఒకేసారి తెచ్చేసుకుంటున్నారే" అన్నాడు. రెండో ఆయన నవ్వాడు. అప్పటికి నేను అనాగరిక జాతుల ఆచారాల గురించి ఒక లావుపాటి పుస్తకం చదివి ఉన్నాను. నన్ను ఆ పుస్తకంలో బొమ్మలాగా చూస్తున్నారనిపించింది. ఆ గంప తీసుకుని గోదావరిలో ఒంపేశాను. ఆమె ఖాళీ గంపని ఒడ్డు దాకా ఒళ్ళోనే పెట్టుకుంది.

ఇంటి దగ్గర మా అమ్మ అంచున నిలబడి ఉంది. సంగతి చెప్పాను. చదువుకున్నవాళ్ళ ఇళ్ళల్లో ఇవి పనికిరావని కూడా చెప్పాను. ఆ పూట ఆవిడ అన్నం తినలేదు. పాలెంలో చదువుకున్నవాడిగా నా మాటకి విలువుండేది. నా తర్వాత పెళ్ళయిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు కూడా మానేశారు. నాలుగేళ్ళలో ఆచారం పోయింది.

ఆ తర్వాతే నీలం అట్ట పుస్తకం రాసినాయన మా పాలెం వచ్చాడు. హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఊరూరా తిరిగి చరిత్ర పోగుచేసుకుంటున్నాడు. చేతిలో బడి నోటుపుస్తకం, జేబులో రెండు కలాలు. పాలెంలో చదువుకున్నవాడు ఎవడని అడిగితే నన్ను పిలిచారు. మా ఇంటి ముందే కూర్చుని గంటసేపు మాట్లాడాడు. నేను చదివిన పుస్తకాల జాబితా చెబితే సగంలో ఆపి తన ప్రశ్నలు అడిగాడు. ఆ వేళ నేనేం చెప్పానో నాకు గుర్తులేదు. గుర్తులేదని కొన్నేళ్ళు నమ్మాను.

పుస్తకం వచ్చింది. మా దిబ్బని పక్క గ్రామంలోని ఒక భూస్వామి కుటుంబం దయతలచి పాలెంవాళ్ళకి దానం చేసిందని ఒక వాక్యం, అంతకు మించి పాలెంవాళ్ళకే ఏమీ తెలియదని ఇంకో వాక్యం. నాకు ఒళ్ళు మండింది. ఆయనకి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. అక్కడితో ఆగితే అది పుస్తకాల తగువుగానే ఉండేది. ఎనభైల మొదట్లో ఆ కుటుంబంలోని మనవలు తమ కొబ్బరి తోటకి ట్రాక్టరు దారి కావాలన్నారు. దగ్గరి దారి మా దిబ్బ పడమటి అంచు మీదుగా. ఆ అంచున మా అమ్మ ఇల్లుంది. ఇల్లు తీస్తే తప్ప దారి రాదు. పంచాయితీలో పెద్దమనవడు నీలం పుస్తకం బల్ల మీద పెట్టి, "మా తాత ఇచ్చిన దిబ్బేనండి. అంచున రెండు బారలు మేం వాడుకోడానికి ఇంత చర్చ ఏవిటండి" అన్నాడు.

ప్రెసిడెంటు మంచివాడే కానీ అచ్చులో ఉన్న మాటంటే భయపడే మనిషి. "మీ దగ్గిరేవన్నా కాయితం ఉందా?" అని నన్ను అడిగాడు. "ఉంటే నెల రోజుల్లో తెండి. లేదంటే నేనేం చెయ్యలేనండి."

మద్రాసులో పాత ప్రభుత్వ రికార్డులు దాచిన ఆఫీసు ఉందని నేను చదివి ఉన్నాను. శెలవు పెట్టి బయలుదేరాను. అమ్మ ఒక్కటే అడిగింది. "కాయితం దొరక్కపోతే నేనెక్కడుంటాన్రా?" దొరుకుతుందన్నాను.

మా కోనసీమవాళ్ళకి రైలు ప్రయాణం రైలుతో మొదలవదు. పంటుతో మొదలవుతుంది. అవతల ఒడ్డు కోటిపల్లికి ఒకప్పుడు రైలు వచ్చేదట, యుద్ధకాలంలో పట్టాలు పీకి పట్టుకుపోయారు. ఆ కట్ట పక్కనే బస్సులో కూర్చుని రామచంద్రపురం, అక్కణ్ణుంచి సామర్లకోట. సగం రోజు అయిపోయి, బట్టలకి దుమ్ము పట్టి, అప్పుడు రైలెక్కుతాం. దూరప్రయాణంలో రైలు మనుషుల్ని కలుపుతుందని రాసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. కిటికీ పక్క సీటు కోసం కొట్టుకోవడం, పేపరు అడిగి తీసుకుని నాలుగు ముక్కలు చేసి పెట్టెంతా పంచడం, ఇదీ నేను చూసిన కలయిక. ఎదుటి సీటులో తుని నుంచి వస్తున్న ఒక పెద్దావిడ, నేను కూర్చున్న రెండు నిమిషాలకే, "ఏ ఊరండీ? మీరేవిట్లండీ?" అని కులం అడిగేసింది.

"చదువుకునేవాళ్ళమండి" అన్నాను.

"ఆయ్, అది తెలుస్తానే ఉందిలెండి" అని ఆవిడ పులిహోర పొట్లం విప్పింది.

మా వైపు వాళ్ళకి ఇచ్చే బెర్తులు కొన్నే, అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. అందుకని ఆశ్చర్యం లేదు, కింది బెర్తు మీద నీలం పుస్తకం రాసిన హెడ్మాస్టరుగారు కూర్చుని ఉన్నారు. నాది ఆయన పైన మధ్య బెర్తు.

"నువ్వా. లాకుల మీద ఉంటావు కదూ. ఎక్కడికయ్యా?"

"మద్రాసండి మాస్టారూ. పాత రికార్డులు చూద్దామని."

"రికార్డులా. అవి ఇంగ్లీషులో ఉంటాయి తెలుసా?"

"చదువుతానండి."

"చదవడం వేరయ్యా. ఏది చదవాలో తెలియడం వేరు. నీ ఉత్తరాలు వచ్చేయి నాకు. రెండూ వచ్చేయి. అక్షరదోషాలు దిద్ది పంపుదామనుకున్నాను."

"దిద్దవలసింది తమ పుస్తకంలో ఉందండి."

తునావిడ పులిహోర తినడం ఆపింది. రాజమండ్రి వంతెన మీద రైలు వెళ్తుంటే అందరూ గోదావరిలో చిల్లర విసురుతున్నారు. మేమిద్దరం విసరలేదు. ఆయన కిటికీ తలుపు దించేసి, గాలి తగిలితే తనకి దగ్గని చెప్పాడు. తర్వాత మధ్య బెర్తు ఎత్తనివ్వలేదు. మధ్య బెర్తు ఎత్తితే కిందాయన కూర్చోలేడు, ఆయనేమో కూర్చుని చదువుకోవాలి. నేను నిలబడి, తలుపు దగ్గర లైటు కింద నా పుస్తకం చదువుకున్నాను. ఏం చదివానో గుర్తులేదు. ఆయన పేజీలు తిప్పే చప్పుడు మాత్రం గుర్తుంది.

పొద్దున్న గూడూరులో కాఫీ తాగాక ఆయన సంచిలోంచి ఒక పాత నోటుపుస్తకం తీశాడు. దాన్ని గుర్తుపట్టాను. ఒక పేజీ దగ్గర వేలు పెట్టి నా చేతికిచ్చాడు.

"చదువయ్యా. తెలుగులోనే ఉంది."

పైన మా పాలెం పేరు. కింద ఆయన అడిగిన ప్రశ్నలు, వాటి పక్కన జవాబులు. దిబ్బ ఎవరు లేపారని అడిగితే, ముసలివాళ్ళు ఏవేవో చెబుతారు, ఆధారం లేదని నా జవాబు. దిబ్బకి సంబంధించి ఆచారాలేమైనా ఉన్నాయా అని అడిగితే, మా పాలెంలో అలాంటి అనాగరికపు ఆచారాలు లేవని నా జవాబు. ఆయనకి ఒక పద్ధతి ఉంది, చెప్పినవాడి చేత చివర సంతకం పెట్టిస్తాడు. ఆ సంతకం నాది. ఇంగ్లీషులో పెట్టాను, కింద గీత గీసి మరీ.

"కల్పించేనంటావా ఇప్పుడు?" అన్నాడు.

"దానమని నేను చెప్పేనా అండి?"

"అది వాళ్ళు చెప్పేరు. వాళ్ళూ సంతకం పెట్టేరు. వాళ్ళు మేం ఇచ్చేమన్నారు. నువ్వు మాకేవీ తెలీదన్నావు. నన్నేం రాయమంటావు?" నోటుపుస్తకం వెనక్కి తీసుకున్నాడు. "ఇంత చదివేవు కదా. మీ అమ్మనైనా అడిగేవా? నేను అడుగుదామంటే, ఆవిడకేం తెలుసండీ, నేను చెబుతాను కదా అన్నావు."

తునావిడ, "పోన్లెండి బాబూ, కాఫీ చల్లారిపోతాంది" అంది. ఆ జాలి నాకు ఆయన మాటలకన్నా ఎక్కువ కుట్టింది.

ఆ మనిషిని నేను ఇప్పటికీ సహించలేను. కానీ ఆ పూట ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు.

మద్రాసులో మూడు రోజులు ఆ ఆఫీసుకి వెళ్ళాను. దొరకదని సగం తెలిసీ, మొండితనంతో వెళ్ళాను. చెదలు తిన్న సర్వే రిజిస్టర్లు, పాత జాబితాలు. మా దిబ్బ ఒక్కచోట కనిపించింది. ఇళ్ళ స్థలం అని ఒక్క మాట, అంతే. దానం మాట లేదు, మోసిన గంపల మాటా లేదు. శిస్తు రాని నేల కాబట్టి ఎవడూ దాని గురించి కలం కదపలేదు. ఎవరు ఎంత పండించారో, ఎంత కట్టారో వీశం తేడా లేకుండా రాసుకున్న ఆ దొరలకి, మనుషులు ఎక్కడ నిలబడి ఉన్నారో రాయాలని తోచలేదు. అలాంటి కాగితాల మీద ఆధారపడి రాసిన పుస్తకాలు నేను ఎన్ని చదివానో, ఎంత నమ్మానో తల్చుకుంటే సిగ్గేసింది.

తిరుగు రైల్లో చేతిలో పుస్తకం ఉన్నా తెరవలేదు. కోటిపల్లిలో పంటు ఎక్కాక, గోదావరి మధ్యలో, నా భార్య గంప ఒంపిన చోటు ఏదో చూడబోయాను. నీళ్ళలో చోటు ఏముంటుంది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను, కాగితం లేదని. సంతకం సంగతి కూడా చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"ఆయన వచ్చిన్నాడు నేను అరుగు మీదే ఉన్నాను. నువ్వు చెప్పింది విన్నాను."

"మరి అప్పుడే చెప్పలేదేవమ్మా?"

"నువ్వు అంత గట్టిగా చెప్తంటే నాకే అనుమానం వచ్చింది. చదువుకున్నోడివి కదా."

నా భార్య లోపల్నుంచి, "అత్త గంప ఎక్కడ పోసిందో అడగండి, చెప్తది. మాదీ అదే మట్టి" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఆ మట్టి మాట ఎత్తడం అదే మొదలు.

గడువు రోజున పంచాయితీ మా దిబ్బ మీదే కూర్చుంది. నేను లేచి, కాగితం లేదని చెప్పాను. హెడ్మాస్టరుగారికి నేను చెప్పిన అబద్ధం, పెట్టిన సంతకం కూడా చెప్పాను. ఎవడో వెనకనుంచి, "లైబ్రరీ అంతా చదివి ఇదా అండి చెప్పింది" అన్నాడు. నవ్వారు. పెద్దమనవడు, "మరింకేవండీ, ఆయనే ఒప్పుకున్నాడు" అన్నాడు.

అప్పుడు మా అమ్మ ఇంటి వెనక గోడ దగ్గరికి వెళ్ళి, కాలితో ఒక చోటు చూపించింది.

"ఇక్కడ తవ్వండి బాబూ. నేను పోసింది ఇక్కడ. మా అత్త పోసింది దాని కింద ఉంటది. మా అత్తదీ మెట్టే."

పాలెంలో ఒకతను పలుగు, పార తెచ్చాడు. మా డెల్టాలో ఎక్కడ తవ్వినా నల్లమట్టే, లేదంటే ఏటి ఇసుక. ఎర్రమట్టి ఉండదు. పైన జానెడు నల్లమన్ను. తర్వాత లంక ఇసుక తీరున ఒక బూడిదరంగు పొర. మోకాటి లోతుకి వెళ్ళేసరికి పార మొన మీద ఎర్రగా అంటుకుంది. చాటంత మేర, చుట్టూ నల్లమట్టిలో ఎర్రటి మచ్చలా. ఇంకో జానెడు కింద ఇంకొకటి. అప్పటికి పాలెం ముసలమ్మలు ఒక్కొక్కరే ముందుకొచ్చారు. "నాది వాడపల్లి లంక ఇసకండి, ఆ గోడ పక్కన" అని ఒకావిడ. "నాది కె.గంగవరం చౌడు మన్ను. తెల్లగా ఉంటది. ఆ మూల తవ్వండి, తేలకపోతే నన్నడగండి" అని ఇంకొకావిడ. తవ్వితే తెల్లగానే తేలింది.

పెద్దమనవడు, "ఎర్రమట్టి ఎవరైనా తెచ్చి పోసుకోవచ్చండి" అన్నాడు.

ప్రెసిడెంటు గుంటలో కూర్చుని మట్టి పొడిచి చూస్తున్నాడు. "నిన్న పోసింది మోకాటి లోతులో ఉంటదాండీ? అదీ మూడు ఊళ్ళ మట్టి? మీ తాతగారు దానమిచ్చిన నేలైతే, మీ చేలో మట్టి ఉండాలి కదండీ ఇందులో." లేచి చేతులు దులుపుకున్నాడు. "దారి కాలవ గట్టు మీంచి వేసుకోండి. కొంచెం చుట్టు. అంతే."

మా అమ్మ ఇల్లు అక్కడే ఉంది. ఆవిడ అందులోనే పోయింది.

హెడ్మాస్టరుగారికి కబురు పంపితే వారం తర్వాత వచ్చాడు. పూడ్చకుండా ఉంచిన గుంట చూశాడు. చిటికెడు ఎర్రమట్టి కాగితంలో కట్టుకుని జేబులో వేసుకున్నాడు. రెండో కూర్పులో సరిచేస్తానన్నాడు. చేశాడు. దానం వాక్యం అలాగే ఉంచి, ఆ తర్వాత, దిబ్బను తామే నిర్మించుకున్నామని స్థానికుల విశ్వాసం అని చేర్చాడు. భూస్వామి కుటుంబం నోటితో చెప్పింది చరిత్ర, మూడు ఊళ్ళ మట్టి విశ్వాసం. ఆ రెండో కూర్పు కూడా అదే బీరువాలో ఉంది, మొదటిదాని పక్కన. విశ్వాసమన్న ఈ మాట మాత్రం నా సంతకంతో వచ్చింది కాదు. అందుకే రాస్తున్నాను.

సాయం చేసినవాళ్ళందరికీ పేరుపేరునా కృతజ్ఞత చెప్పుకోవాలి. పేర్లు రాయనన్నాను కాబట్టి, ఎవరెవరో వాళ్ళకి తెలిసేలా చెబుతాను. ఒక్క కార్డు మీద రెండు పుస్తకాలిచ్చిన గ్రంథపాలకుడికి. నేను మద్రాసులో ఉన్న రోజుల్లో నా లాకులు కూడా తిప్పిన పక్క లాకుల లస్కరుకి. పలుగు, పార తెచ్చినతనికి. అచ్చు మాటకి భయపడి, మట్టిని చూశాక ఆ భయం వదిలేసిన ప్రెసిడెంటుకి. వాడపల్లి నుంచి, గంగవరం నుంచి మట్టి మోసుకొచ్చి, నలభై ఏళ్ళు ఎక్కడ పోశారో మరచిపోని ముసలమ్మలకి. నేను విసురుగా జవాబు చెప్పినా నా చేతిలో పులిహోర పెట్టిన తునావిడకి. హెడ్మాస్టరుగారికి చెప్పను. నోటుపుస్తకం చింపకుండా దాచినందుకు మాత్రం చెబుతాను. అరుగు మీద కూర్చుని అన్నీ విన్న మా అమ్మకి చెప్పేవేళ దాటిపోయింది.

చివరికి నా భార్యకి. ఆ గుంటలో మా అమ్మ మట్టి ఉంది, మా నాయనమ్మ మట్టి ఉంది. ఆ పైన ఉండవలసిన మట్టి లేదు. మీ ఊరినుంచి ఇప్పుడు ఒక గంప తెద్దామా అని ఒకసారి అడిగాను. "ఇప్పుడు తెస్తే అది బొమ్మకొలువండి" అంది. ఇదంతా రాశాక చదివి వినిపించాను. పంటు దగ్గర ఆపించింది.

"గంప మీరు ఒంపేరని రాసేరు. మీరు ఒంపలేదు. నన్ను ఒంపమన్నారు. నేను ఒంపేను. మీ పుస్తకంలోనైనా సరిగ్గా ఉండాలి కదండీ."

పైన రాసింది కొట్టెయ్యలేదు. ఆమె చెప్పింది ఇక్కడ చేర్చాను. ఈసారి సంతకం తెలుగులో పెడుతున్నాను. ఆమె కూడా పెట్టింది.